ఎండ నెత్తినుంటే స్టీరింగు, ఎండ వాలితే ట్రైపాడు: విశాఖ నుంచి పదకొండు రోజుల ఫొటో యాత్ర

కుటుంబంతో వెళ్లే ఫొటో యాత్రలో పేచీ వచ్చేది గడియారం దగ్గరే. మంచి వెలుతురు ఉండేది పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. సరిగ్గా ఆ వేళకే పెద్దవాళ్లకి కాఫీ పడాలి, పిల్లలకి నిద్ర తీరదు, సాయంత్రమైతే అందరికీ ఆకలి. పదిన్నరకి అందరూ తలలు దువ్వుకుని తయారయ్యేసరికి ఎండ నెత్తికెక్కి, కొండా కోటా ఒకే తెల్లటి ముద్దలా కనిపిస్తాయి. కొత్త లెన్సు కొంటే తీరే సమస్య కాదిది. రూటు వేసేటప్పుడే సూర్యుణ్ని కూడా ఇంట్లో ఒక మనిషిలా లెక్కేసుకోవాలి.

రూటు ఇది: విశాఖలో భీమిలి వైపు ఒక పొద్దున, అక్కడి నుంచి పాడేరు, వంజంగి. లంబసింగి మీదుగా నర్సీపట్నం, తుని దిగి హైవే పట్టుకుని రాజమండ్రి. తర్వాత విజయవాడ, గండికోట, బెలుం గుహలు, హంపి, హైదరాబాదు, మళ్లీ ఇల్లు. మొత్తం రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. పదకొండు రోజులు కావాలి. తొమ్మిది రోజుల్లో కుదించాలని చూస్తే కారు దిగకుండానే ఊళ్లు చూసినట్టవుతుంది.

నెలల్లో నవంబరు ఆఖరి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా మేలు. అక్టోబరు, నవంబరు మొదటి సగం మన తీరానికి తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది కూడా ఆ రోజుల్లోనే. జనవరిలో సంక్రాంతికి ముందు మూడు నాలుగు రోజులు హైదరాబాదు నుంచి ఆంధ్ర వైపు, పండగయ్యాక అటు వైపు హైవే కిక్కిరిసిపోతుంది. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ ఉన్నా లైను లైనే. ఆ వారం వదిలేయండి.

ఇక సూర్యుడి లెక్క. భారతదేశమంతా ఒకే గడియారం గానీ సూర్యుడికి ఆ సంగతి తెలియదు. ఒక డిగ్రీ పడమరకి జరిగితే నాలుగు నిమిషాల ఆలస్యం. విశాఖ 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, హంపి 76.5 దగ్గర. అంటే దాదాపు 27 నిమిషాల తేడా. అక్షాంశం వల్ల చలికాలంలో సూర్యోదయానికి ఇందులో కాస్త తగ్గుతుంది, అస్తమయానికి కాస్త పెరుగుతుంది. డిసెంబరు నడిమధ్యలో విశాఖలో సూర్యోదయం సుమారు 6:20, హంపిలో 6:42. అస్తమయం ఇక్కడ 5:25కి, అక్కడ 5:55కి. విశాఖ అలవాటుతో హంపిలో నాలుగున్నరకి అందరినీ లేపితే అరగంట నిద్ర ఊరికే పోయినట్టు. ఆ కోపం మధ్యాహ్నం దాకా ఉంటుంది.

దిక్కు కూడా మారుతుంది. డిసెంబరులో విశాఖలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, 25 డిగ్రీలు దక్షిణానికి జరుగుతాడు. జూన్‌లో అంతే ఉత్తరానికి. ఆర్కే బీచిలో సముద్రం వైపు తిరిగి నిలబడితే చలికాలపు సూర్యుడు కుడికి, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపుకి జరిగి వస్తాడు. వేసవిలో ఎడమకి, భీమిలి తీరం వైపు. ఇంటర్నెట్‌లో ఎవరో జూన్‌లో తీసిన ఫొటో చూసి అదే రాయి దగ్గర డిసెంబరులో నిలబడితే తూర్పు తిరిగి దండం పెట్టుకోవడమే. సూర్యుడు ఫ్రేములోకి రాడు. సూర్యుడి దారి చూపించే ఫోన్ యాప్‌లు చాలా ఉన్నాయి. తేదీ వేసి ముందు రోజే చూసుకోవాలి.

మనది తూర్పు తీరం కాబట్టి సముద్రం మీద సూర్యాస్తమయం దొరకదు. దానికి బదులు చంద్రోదయం ఉంది. పౌర్ణమి నాడు సూర్యుడు దిగే వేళకి కాస్త అటూ ఇటుగా చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు. ఫొటోకి మాత్రం పౌర్ణమి ముందు రోజే మంచిది. చంద్రుడు ముందుగా పైకొస్తాడు, నేల మీద ఇంకా వెలుగుంటుంది, రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇముడుతాయి. చీకటి పడ్డాక తీస్తే చంద్రుడు తెల్లటి బొట్టుబిళ్ల, మిగతాదంతా నలుపు. ప్రయాణం తేదీ మీ చేతిలో ఉంటే బయల్దేరే ముందు సాయంత్రం చతుర్దశి అయ్యేట్టు పెట్టుకోండి. పిల్లలు ఇసకలో ఆడుకుంటారు, పెద్దవాళ్లు మురీ మిక్చరు తింటారు, మీ పని మీరు చేసుకోవచ్చు.

ఇంట్లోవాళ్లతో ఒప్పందం ఒక్కటే: రోజుకి ఒక పూట ఫొటోలకి, రెండో పూట వాళ్లకి. పొద్దున నాలుగున్నరకి లేపారా, ఆ సాయంత్రం కెమెరా సంచీలోనే. సాయంత్రం కావాలా, పొద్దున ఎనిమిదింటి దాకా ఎవర్నీ కదపకూడదు. పదకొండు రోజుల్లో పది పూటలు చేతికొస్తాయి. ఇరవై పూటలు లాక్కుని పిల్లల ఏడుపు మధ్య తీసిన ఫొటోల కంటే ఈ పది పూటల ఫొటోలే బాగుంటాయి. పొద్దున పదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు రోడ్డు మీద ఉండాలి. ఎలాగూ ఆ వెలుతురు పనికిరాదు, కారులో ఏసీ ఉంటుంది, పిల్లలు పడుకుంటారు.

భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు

మొదటి పొద్దున ఇంటికి దగ్గర్లోనే పెట్టడానికి కారణం ఉంది. సామానులో ఏది మరిచిపోయినా ఇక్కడే తెలుస్తుంది. ట్రైపాడు ప్లేటు పాత కెమెరాకే ఉండిపోవడం, ఫిల్టరు రింగు సైజు తేడా రావడం లాంటివి గండికోటలో బయటపడితే చేసేదేమీ లేదు.

సముద్రపు ఒడ్డున తప్పేది ఎక్స్‌పోజర్ కంటే ముందు ట్రైపాడు. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసకని తవ్వేస్తుంది, ట్రైపాడు మెల్లగా కుంగుతుంది. అర సెకను ఫొటోలో కూడా ఆ కదలిక తెలుస్తుంది. కాళ్లను ముందే బలంగా ఇసకలోకి నొక్కి, ఒక అల వచ్చిపోయే దాకా ఆగి, అప్పుడు ఫ్రేము సరిచేసుకోవాలి. అన్నిటికంటే కింద ఉన్న సన్నటి కాడని పూర్తిగా లాగి ఉంచితే దాని పై తాళం నీళ్లకి పైన ఉంటుంది. ఆ తాళంలోకి ఇసక దూరితే కరకర మొదలై, నాలుగు రోజుల్లో బిగుసుకుపోతుంది. వెళ్లేటప్పుడు రెండు లీటర్ల మంచినీళ్ల సీసా డిక్కీలో ఉండాలి. కాళ్లు అక్కడికక్కడే కడిగేయడానికి.

అలలకి షట్టరు పావు సెకను నుంచి ఒక సెకను మధ్య ఉంటే నీటి గీతలు గీతల్లా ఉంటాయి. ముప్పై సెకన్లయితే సముద్రం పొగలా మారుతుంది. నాకు ఆ పొగ మీద పెద్ద మోజు లేదు. బంగాళాఖాతం అలలకి ఒక ఊపుంటుంది, అది కనపడాలి. వెలుతురు పెరిగాక పావు సెకను రావాలంటే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు (వెలుతురు తగ్గించే ముదురు గాజు, ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) చాలు: ఫిల్టరు లేకుండా 1/250 ఉంటే, పెట్టాక పావు సెకను అవుతుంది. పది స్టాపులదైతే 1/60 కాస్తా 17 సెకన్లవుతుంది. ఒక్కటే కొనాలంటే ఆరుది కొనండి.

ఉప్పు తుంపర గురించి ఎంత చెప్పినా తక్కువే. లెన్సు మీద పడిన తుంపరని పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు రవ్వలు పూత మీద గీతలు పెడతాయి. ముందు తడిగుడ్డతో అద్ది, ఉప్పు కరిగాక పొడిగుడ్డ. ఫిల్టరు ఉంటే తీసి మంచినీళ్లతో కడిగేయొచ్చు.

ఇంకొకటి, తేమ. ఏసీ గదిలోంచో ఏసీ కారులోంచో కెమెరా బయటికి తీయగానే విశాఖ గాలికి లెన్సంతా మంచు పట్టినట్టవుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, ఎందుకంటే గాజు ఇంకా చల్లగానే ఉంది. ఆ వేళ లెన్సు విప్పితే లోపల సెన్సారు మీద కూడా నీరు పడుతుంది. కెమెరాని రాత్రి జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచీలో పెట్టి, బయల్దేరడానికి అరగంట ముందు ఆ సంచీ తెరవకుండానే బయట పెట్టాలి. తేమ సంచీ మీద పడుతుంది గానీ కెమెరా మీద కాదు. కారులో అయితే చివరి ఇరవై నిమిషాలు ఏసీ ఆపి అద్దాలు దించుకోవడమే.

సూర్యుడు కాస్త పైకొచ్చాక ఎర్రమట్టి దిబ్బలకి రావాలి. ఇవి భీమిలి రోడ్డు పక్కనే. భారత భూగర్భ సర్వే వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అంచులెక్కి తొక్కితే కూలిపోయే నేల, కాబట్టి పిల్లల్ని కింది దారుల్లోనే నడిపించండి. ఇక్కడ కెమెరా మోసం చేస్తుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫు) బాగానే ఉందంటుంది, కానీ ఏటవాలు ఎండలో ఎర్ర ఛానల్ ఒక్కటే పొంగిపోయి ఉంటుంది. ఇంటికొచ్చి చూస్తే ఇసక రేణువులు, వాననీటి చారలు ఏమీ లేకుండా కుంకుమ పూసిన గోడలా కనిపిస్తుంది. మూడు రంగులూ విడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడి అంచుని తాకకుండా అర స్టాపో, స్టాపో తగ్గించి తీయాలి. అరకు, పాడేరు వైపు నవంబరు, డిసెంబరుల్లో విరగబూసే వలిసె పూల పసుపుకీ ఇదే వైద్యం. ఇంట్లోవాళ్లని ఫ్రేములో నిలబెట్టాలంటే ఎరుపూ, కాషాయమూ వద్దు. లేత పసుపో తెలుపో తొడిగిన పిల్ల ఆ గట్ల మధ్య నడుస్తుంటే దిబ్బ ఎంత ఎత్తో చూసేవాళ్లకి ఒక్క చూపులో తెలుస్తుంది.

డ్రోను సంగతి ఇక్కడే చెప్పాలి. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. విమానాశ్రయం కూడా నౌకాదళానిదే. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విడగొట్టారు. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 250 గ్రాముల లోపు డ్రోనుకి కూడా ఈ మండలాల నియమం వర్తిస్తుంది. ఎక్కడికి వెళ్లినా ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కై పటంలో చూసుకోండి. నన్నడిగితే ఈ ప్రయాణంలో డ్రోను ఇంట్లోనే ఉండనివ్వండి. పోర్టు, షిప్‌యార్డు, యుద్ధనౌకల వైపు టెలి లెన్సు (దూరాన్ని దగ్గరగా చూపేది) కూడా తిప్పొద్దు.

ఒక చిన్న ముచ్చట. భీమిలిలో సముద్రంలో కలిసే గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వస్తుంది. అరకు వైపు కూడా వెళ్లే ఓపికుంటే ఒకే నదిని గుహలోనూ, సముద్రపు మొగలోనూ తీయొచ్చు.

వంజంగి: మేఘాలు రావాలంటే

పాడేరులో రాత్రి ఉండాలి. విశాఖ నుంచి అర్ధరాత్రి బయల్దేరి ఘాటీ ఎక్కి సూర్యోదయం అందుకుందామనే వాళ్లు చాలామంది. నిద్రమత్తులో, పొగమంచులో, వెనక సీట్లో పిల్లలతో ఆ పని వద్దు.

వంజంగి కొండ కింద లోయనిండా పరుచుకునే మేఘసముద్రం రోజూ ఉండదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి వేగంగా పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, అందులోని తేమ మంచు మేఘమవుతుంది. కొండ మీద నిలబడితే అది కాళ్ల కింద ఉంటుంది. దీనికి మూడూ కుదరాలి: నేలలో తడి, నిర్మలమైన రాత్రి, గాలి లేకపోవడం. రెండు రోజుల కింద వాన పడి ఆ సాయంత్రం ఆకాశం తేటపడిందా, అవకాశం బాగా ఉన్నట్టు. రాత్రంతా ఈదురు గాలి వీచిందా, పిల్లల్ని లేపకండి.

కారు ఆగిన దగ్గర్నుంచి పైకి నడక ఉంది. పిల్లలతో గంటకు పైనే వేసుకోండి. తలకి కట్టుకునే లైటు మనిషికొకటి ఉండాలి, ఫోను లైటు పట్టుకుంటే ఒక చేయి పోతుంది. ఫ్లాస్కులో టీ, పొట్లాల్లో పులిహోర. పైన దొరికితే దొరుకుతాయి, లేకపోతే లేదు.

వైడ్ లెన్సుతో తీస్తే మేఘాలు దూరంగా దూదిపింజల్లా చిన్నవైపోతాయి. 70–200 మి.మీ. టెలి లెన్సు వాడాలి. ఒక కొండ వెనక ఇంకో కొండ, మధ్యలో తెలుపు, ఆ పొరలు దగ్గరికొస్తాయి. తెల్లటిది ఎక్కువగా ఉంటే కెమెరా మీటరు దాన్ని బూడిదరంగు చేస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ ప్లస్ ముప్పావు స్టాపు, ఒక్కోసారి ఒక స్టాపు. సూర్యుడు ఫ్రేములోకి రాగానే మళ్లీ సున్నాకి తేవాలి. ఇది మరిచిపోవడం మామూలే.

టైంలాప్స్ కావాలంటే నాలుగు సెకన్లకొకటి చొప్పున 300 ఫొటోలు. ఇరవై నిమిషాలు పడుతుంది, 25 ఫ్రేముల వేగంతో పన్నెండు సెకన్ల వీడియో వస్తుంది. ఫోకసు మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటో కాకుండా ఒకటే. లేకపోతే వీడియో రంగులు మిణుకుమంటాయి. ఆ ఇరవై నిమిషాల్లో లెన్సు ముందు గాజు మీద మంచు దిగడం ఖాయం. లెన్సు చుట్టూ ఉన్ని మఫ్లరు చుట్టి, మధ్యమధ్యలో చూసుకోవాలి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. స్పేరుది ప్యాంటు జేబులో, ఒంటి వేడికి ఉండనివ్వండి.

ఘాటీ దిగేటప్పుడు రెండో గేరు, ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే అన్న పాత డ్రైవర్ల మాట ఇప్పటికీ సరైనదే. బ్రేకు మీద కాలుంచి దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. కాలిన వాసన వస్తే పక్కకి ఆపి పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి, నీళ్లు పోయకూడదు. వాంతులయ్యే పిల్లలుంటే డాక్టరు చెప్పిన మాత్ర బయల్దేరడానికి అరగంట ముందే. ఘాటీలో మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది.

రాజమండ్రిలో రెండు పక్షాలూ రాజీ

ఈ రూటు మొత్తంలో ఇంటివాళ్ల సరదా, వెలుతురు ఒకే చోట కలిసేది గోదావరి గట్టు మీదే. ఊరు నదికి తూర్పున ఉంది. అంటే పుష్కర ఘాటు మెట్ల మీద కూర్చుంటే సూర్యుడు ఎదురుగా, నీళ్లకి అవతల కొవ్వూరు వైపు దిగుతాడు. అందరూ మెట్ల మీద కూర్చుని పిడతకింద పప్పు తింటుంటే మీరు పని కానివ్వొచ్చు. హేవలాక్ వంతెన 1900 నాటిది, 1997లో దాని మీద రైళ్లు ఆగాయి. ఆ ఏడే ఆర్చి వంతెన మీద రైళ్లు మొదలయ్యాయి. ఆర్చిల కింద నుంచి ఎర్రటి ఆకాశం కనిపించేట్టు 100 మి.మీ. దాటిన లెన్సుతో, 1/250 దగ్గర, రైలు వచ్చేదాకా ఆగడమే. పడవ కూడా ఫ్రేములోకి వస్తే మంచిది, రెండూ కలిసి రావడం అదృష్టం.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో తీయగలిగిన ఒకే చోటు కడియం నర్సరీలు. షేడ్‌నెట్ కింద వెలుతురు మెత్తగా పడుతుంది. నెట్ ఆకుపచ్చది కాబట్టి ముఖాలు పచ్చగా వస్తాయి, తెల్లకాగితం ఒకటి పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి.

విజయవాడకి ఒక సాయంత్రం చాలు. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది, 70 గేట్లు. దీపాలు వెలిగాక, ఆకాశం నల్లబడక ముందు ఇరవై నిమిషాలు మాత్రమే నీలం ఉంటుంది. ఎపర్చరు (లెన్సు రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (సెన్సారు సున్నితత్వం) 100, షట్టరు ఎనిమిది నుంచి పదిహేను సెకన్లు. మన అక్షాంశంలో సంజె త్వరగా ముగుస్తుంది. టీ తాగి వద్దామనుకుంటే అయిపోతుంది.

గండికోట

విజయవాడ నుంచి గండికోట ఈ యాత్రలో కష్టమైన రోజు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు: ఎనిమిది తొమ్మిది గంటలు. ఆ రోజు ఫొటోలు పెట్టుకోకండి. బయల్దేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఐదుగురూ సామానూ ఉంటే వెనక టైర్లకి ఎంత పెంచాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. హైవే మీద వంద కిలోమీటర్లు నడిపి, వేడి టైర్లకి కొలిచి, ఎక్కువుందని గాలి తీసేయడం అందరూ చేసే తప్పు.

పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ వెళ్లిన గండి, దాని అంచున కోట. అంచు దగ్గర కంచె లేని చోట్లే ఎక్కువ, బండరాళ్ల మధ్య సందులు లోతు. చిన్నపిల్లలుంటే ఒక పెద్దవాళ్లు వాళ్ల చేయి పట్టుకోవడానికే ఉండాలి, ఆ మనిషి కెమెరా ముట్టకూడదు. ఫొటో తీసేవాళ్లు వ్యూఫైండర్లో చూస్తూ వెనక్కి అడుగు వేయొద్దు.

పొద్దున ఒక గోడ మీద ఎండ, ఎదుటి గోడ నీడలో, అడుగున నీళ్లు ఇంకా చీకట్లో. ఒక ఫొటోలో ఇది పట్టదు. రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫొటోలు, ఎపర్చరు కదలకుండా షట్టరు మాత్రమే మార్చి తీసి, తర్వాత కలపాలి. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 చాలు. ఎఫ్/22కి వెళితే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల రాతి పొరల పదును తగ్గుతుంది. ట్రైపాడు మీద ఉన్నప్పుడు పాత లెన్సులకి స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఆపేయండి. పోలరైజర్ (ఆకాశం నీలాన్ని ముదురు చేసే ఫిల్టరు) వైడ్ లెన్సుకి వద్దు: సూర్యుడికి తొంభై డిగ్రీల దిక్కునే అది ఎక్కువ పనిచేస్తుంది, 16 మి.మీ. ఫ్రేములో ఆకాశం మధ్యలో ముదురు నీలం మచ్చ పడుతుంది.

రాత్రి గుడారంలో ఉంటే నక్షత్రాలు బాగుంటాయి గానీ పాలపుంత నడిబొడ్డు కోసం చూడకండి. ధనుర్మాసంలో సూర్యుడు ధనూరాశిలో ఉంటాడు. పాలపుంత కేంద్రం ఉన్నది కూడా ఆ దిక్కునే, కాబట్టి అది పగటి ఆకాశంలో పడిపోతుంది. దానికి మార్చి తర్వాత, తెల్లవారుజామున రావాలి. డిసెంబరులో మృగశిర, కృత్తికలు. 20 మి.మీ. లెన్సుకి 15 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి.

మర్నాడు హంపి దారిలో బెలుం గుహలు. 3,229 మీటర్ల పొడవు, అందులో కొంత మేరకే సందర్శకులకి దారి. మధ్యాహ్నం పన్నెండుకి వెళ్లినా నష్టం లేదు, లోపల ఎండే లేదు మరి. ఉక్క మాత్రం బాగా ఉంటుంది, లెన్సు మళ్లీ మసకబారుతుంది, ఈసారి పది నిమిషాలు ఓపిక పట్టాలి. పసుపు దీపాలు, ఐఎస్ఓ 3200, రా ఫార్మాట్ (కెమెరా తనంత తాను మార్చని ఫైలు).

హంపిలో రెండు రాత్రులు ఉండాలి. విరూపాక్ష గోపురం, విఠల ఆలయం తూర్పు ముఖం, పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది. సాయంత్రం ఎదురెండలో రాతిరథం నల్లటి దిమ్మే. సూర్యోదయానికి మాతంగ పర్వతం, సాయంత్రం హేమకూటం. మాతంగం మీదికి చీకట్లో పిల్లలు వద్దు, హేమకూటానికి అందరూ నడవగలరు. విఠల ఆలయానికి కారు దూరంగా ఆపి బ్యాటరీ బండి ఎక్కాలి. పురావస్తు శాఖ కట్టడాల్లో చేత్తో పట్టుకుని తీయొచ్చు, ట్రైపాడుకి అనుమతి కావాలి. సంచీలోంచి తీయకుండా ఉండడమే మేలు. పిల్లలకి తప్పక చూపించాల్సింది విరూపాక్ష ఆలయం లోపల ఉంది: గోడకున్న చిన్న రంధ్రం గుండా రాజగోపురం నీడ ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. కెమెరా ఎలా పనిచేస్తుందని అడిగే పిల్లకి అంతకంటే మంచి పాఠం లేదు. ఆ బొమ్మ చాలా మసక. చేతికి ఆనుడు చూసుకుని, ఐఎస్ఓ పెంచి తీయాలి.

హైదరాబాదు వేరే ఆట. చార్మినారు (1591) చుట్టూ జనంలో ట్రైపాడు పెట్టలేరు. కెమెరా పైకెత్తితే మినార్లు వెనక్కి వాలతాయి. కెమెరాని నిటారుగా ఉంచి, కింద కాస్త రోడ్డు ఎక్కువ తీసుకుని తర్వాత కత్తిరించాలి, లేదా చుట్టూ ఉన్న ఏ హోటలు మొదటి అంతస్తుకో ఎక్కి చాయ్ చెప్పి అక్కడి నుంచి తీయాలి. కొట్లలో ఎల్ఈడీ దీపాల కింద 1/500 పెడితే ఫొటోలో అడ్డపట్టీలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి 1/50, 1/100 దగ్గర ఉంటే అవి చాలావరకు పోతాయి. దుర్గం చెరువు తీగల వంతెన దీపాలు రంగులు మారుతుంటాయి. పొడవు ఎక్స్‌పోజర్‌లో రంగులన్నీ కలిసి బురదవుతాయి, రెండు సెకన్ల లోపే ఉంచి ఎక్కువ ఫొటోలు తీయాలి.

తీసినవి దాచుకునే లెక్క

24 మెగాపిక్సెల్ రా ఫైలు ఒకటి 25 నుంచి 30 ఎంబీ. రోజుకి 300 తీస్తే 9 జీబీ, యాత్రకి వంద జీబీ. టైంలాప్స్ ఉంటే అదనం. రాత్రి హోటల్లో రెండు ఎస్ఎస్‌డీల్లోకి ఎక్కించి, ఒకటి కెమెరా సంచీలో, రెండోది ఇంటావిడ హ్యాండ్‌బ్యాగులో. రెండూ ఒకే సంచీలో ఉంటే ఆ సంచీ పోయిన రోజు ఒక్క కాపీ ఉన్నట్టు కూడా కాదు. అదే సమయంలో ఎఫ్/16లో తెల్లగోడనో, ఆకాశాన్నో ఫోకసు తప్పించి ఒక ఫొటో తీసి చూస్తే సెన్సారు మీద దుమ్ము చుక్కలు తెలుస్తాయి. రబ్బరు బ్లోయరుతో ఊదండి, నోటితో కాదు.

డిక్కీ సర్దేటప్పుడు ట్రైపాడు ఆఖరున, పైన. పెట్టెల కింద ఉంటే రోడ్డు పక్కన మంచి వెలుతురు కనపడ్డా దించబుద్ధి కాదు. కెమెరా సంచీ వెనక అద్దం కింద పలక మీద వద్దు, అక్కడ ఎండకి బ్యాటరీలు కాగిపోతాయి. ముందు సీటు వెనక కాళ్ల దగ్గర దానికి చోటు.

హైదరాబాదు నుంచి విశాఖ 620 కిలోమీటర్లు. ఒక రోజులో కొట్టేయొచ్చు గానీ రాజమండ్రిలో పడుకుని పదకొండో రోజు మధ్యాహ్నానికి ఇల్లు చేరడం నయం. చేరాక ట్రైపాడు కాళ్లు మూడూ విప్పి, గోరువెచ్చని నీళ్లలో కడిగి, ఫ్యాను కింద ఒక రాత్రి ఆరబెట్టి, మర్నాడు బిగించాలి. కెమెరా, లెన్సులు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో, తేమ 40 నుంచి 50 శాతం మధ్య. మన ఊళ్లో బీరువాలో బట్టల మధ్య దాచిన లెన్సుకి వానాకాలం దాటేసరికి బూజు పడుతుంది. కార్డుల్ని మాత్రం ఫొటోలన్నీ పెద్ద స్క్రీను మీద ఒకసారి తెరిచి చూసేదాకా ఫార్మాట్ చేయకండి.